వెళ్లే కాగితాలు, వచ్చే కాగితాలు

అబ్బాయి డల్లాస్‌లో. అమ్మాయి మెల్‌బోర్న్‌లో. అమ్మానాన్న పిడుగురాళ్లలో. మిరప కళ్లాలు ఎత్తేసి, పత్తి అమ్మేసి కాస్త ఊపిరి పీల్చుకునే వేళకు ఫోను మోగుతుంది. ‘‘ఇంకా ఎన్నాళ్లు నాన్నా ఆ ఎండల్లో? పొలం కౌలుకిచ్చేసి వచ్చేయండి...’’

పల్నాటి ఊళ్లలోనూ, గుంటూరు, ఒంగోలు వీధుల్లోనూ ఈ మాట కొత్తేమీ కాదు. ఇంజినీరింగు చదివి 1990ల్లో, 2000ల్లో విమానమెక్కిన పిల్లలకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు. వాళ్ల తల్లిదండ్రులకు డెబ్బై. ఒకప్పుడు కోడలి కాన్పుకనో, మనవరాలి ఓణీల ఫంక్షనుకనో ఆరు నెలలు వెళ్లొచ్చేవారు. ఇప్పుడు పిల్లలు అడుగుతున్నది మిగిలిన జీవితమంతా అక్కడే ఉండమని.

వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. వెళ్లాలనే అనుకుంటే మాత్రం రెండు కట్టల కాగితాలు కావాలి. మొదటిది వెళ్లడానికి. దాన్ని ఆ దేశమే అడిగి మరీ తీసుకుంటుంది. ఒక్కటి తగ్గినా ఫైలు కదలదు. రెండోది తిరిగి రావడానికి. దాన్ని ఏ దేశమూ అడగదు. అందుకే ఎక్కువమంది దాని జోలికే పోరు. తీరా అవసరం పడ్డాక ఏడు సముద్రాల అవతల నుంచి ఫోన్లు చేసుకుంటూ తిప్పలు పడతారు. ఈ వారం ఆ రెండు కట్టలూ విప్పి చూద్దాం.

ఏ తలుపు ఎవరికి?

ఉద్యోగ విరమణ చేసినవారి కోసమే ప్రత్యేకంగా వీసాలిచ్చే దేశాలున్నాయి. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్లు దాటినవారు 8 లక్షల బాత్‌లు బ్యాంకులో చూపించాలి, లేదా నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం ఉండాలి. మలేసియా 2024లో తన ‘రెండో ఇల్లు’ పథకాన్ని మార్చింది. అందులో వెండి తరగతికే లక్షన్నర అమెరికా డాలర్లు డిపాజిట్ చేయాలి. ఇవన్నీ డబ్బున్నవారికి తెరిచే తలుపులు. మన పెద్దవాళ్లు వెళ్లేది డబ్బు చూపించి కాదు, బిడ్డను చూపించి. అందుకని వాళ్ల ఫైలు మొత్తం ‘వీడు మా బిడ్డే’ అని రుజువు చేయడం మీదే నడుస్తుంది.

అమెరికా సంగతి చూడండి. కొడుకో కూతురో అక్కడి పౌరులై, 21 ఏళ్లు నిండి ఉంటేనే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయగలరు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న పిల్లలకు ఆ హక్కు లేదు. హెచ్-1బి మీద ఉన్నవారికి అసలే లేదు. ఉద్యోగాల కోటాలో మనవాళ్ల క్యూ ఎంత పొడవో తెలిసిందే. వెళ్లి పదిహేనేళ్లయినా పౌరసత్వం దాకా చేరని పిల్లలున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు ఉన్న దారి సందర్శక వీసా ఒక్కటే. సాధారణంగా ఆ వీసా పదేళ్లకు ఇస్తారు. దిగిన ప్రతిసారీ ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. ‘వీసా పదేళ్లుంది కదా’ అని అక్కడే ఉండిపోతే మొదటికే మోసం.

కొడుకు పౌరుడైతే, తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేదు. ఏళ్ల తరబడి క్యూలో నిలబడక్కర్లేదు. అయితే ఒక మెలిక ఉంది. నాన్నకు దరఖాస్తు చేస్తే అందులోనే అమ్మ కూడా వస్తుందనుకుంటారు. రాదు. ఇద్దరికీ వేర్వేరుగా ఐ-130 దరఖాస్తులు వేయాలి. పెళ్లికాని తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే, అమ్మానాన్నల వెంట వాళ్లను తీసుకెళ్లే వీలూ లేదు.

కెనడాలో 2011 డిసెంబరు నుంచి ‘సూపర్ వీసా’ ఉంది. 2022 జులై నుంచి దీని మీద ఒక్కసారి వెళ్తే ఐదేళ్ల వరకు ఉండనిస్తున్నారు. పిల్లల ఆదాయం అక్కడి లెక్కకు సరిపోవాలి. కనీసం ఏడాదికి లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ఉండాలి. శాశ్వత నివాసమైతే కష్టమే. 2021 నుంచి 2025 వరకు పిలిచినవాళ్లందరూ 2020లో పేర్లిచ్చినవాళ్లే.

ఆస్ట్రేలియాది ఇంకో లెక్క. అక్కడి శాశ్వత వీసాలకు పిల్లల తలలు లెక్కపెడతారు. పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలో కన్నా అక్కడే ఎక్కువ మంది ఉండాలి. ఇద్దరిలో ఒకరు మెల్‌బోర్న్‌లో ఉంటే సరిపోతుంది. ముగ్గురిలో ఒకరు మెల్‌బోర్న్‌లో, ఒకరు డల్లాస్‌లో, ఒకరు పిడుగురాళ్లలో ఉంటే ఈ పరీక్ష దాటలేరు. దాటినా, త్వరగా తేలే రకం వీసాకు ఒక్కొక్కరికి దాదాపు 50 వేల ఆస్ట్రేలియా డాలర్లు కట్టాలి. ‘త్వరగా’ అన్నా పదేళ్లు మించిన నిరీక్షణే. రుసుము తక్కువుండే రకం వీసాకు ముప్పై ఏళ్లు పడుతుందని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు ఆ మాట ఎలా చెప్పాలి! అందుకే 2019లో వచ్చిన తాత్కాలిక వీసా వైపు ఎక్కువమంది చూస్తున్నారు. మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు. అన్నీ కలిపి పదేళ్లు దాటడానికి లేదు. దీనికి తలల లెక్క ఉండదు.

బ్రిటన్ 2008లోనే సొంత ఆదాయంతో వచ్చే విశ్రాంత జీవుల వీసా ఎత్తేసింది. 2012 జులై తర్వాత, రోజువారీ పనులకు కూడా ఒకరి సాయం కావలసిన స్థితిలో ఉండి, ఆ సాయం సొంత దేశంలో దొరకదని రుజువు చేస్తేనే తల్లిదండ్రులను రానిస్తోంది. నడవగలిగితే వీసా రాదు, నడవలేకపోతే ప్రయాణం చేయలేరు!

ఒక మనిషి... నాలుగు పేర్లు

దేశమేదైనా తొలి చిక్కు మన పేర్లతోనే. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాయడం మన పద్ధతి. పాస్‌పోర్టులో వాటికి రెండు వేర్వేరు గడులు. ‘వెంకట సుబ్బారావు’ అన్న పేరే తీసుకోండి. బడి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరమై ముందు కూర్చుంటుంది. పట్టాదారు పాసుపుస్తకంలో వెంకట ఎగిరిపోయి సుబ్బారావు ఒక్కడే మిగులుతాడు. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి వెళుతుంది. ఇక కొడుకు పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరు ‘వి.ఎస్.రావు’. మనకు అందరూ ఒక్కరే. వీసా అధికారికి నలుగురు.

అమ్మ విషయంలో ఇంకా కష్టం. ఆమె చదువుకుని ఉంటే ఆ సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాక కార్డులన్నిటిలో మెట్టినింటి పేరు. కొడుకు పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెప్పింది ఇంట్లో పిలిచే పేరు. తల్లికి దరఖాస్తు చేసే కొడుకు, తన జనన ధ్రువపత్రంలో ఆమె పేరు చూపించాలి. ఆ పేరు, పాస్‌పోర్టులోని పేరు ఒక్కటి కాకపోతే ‘ఈవిడే మీ అమ్మ అని నమ్మకమేంటి?’ అని కాగితం వస్తుంది.

ఏం చేయాలి? ముందు పాస్‌పోర్టును తల్లివేరు అనుకోండి. అందులో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో, మిగతా కాగితాలను అలా సరిదిద్దుకుంటూ రండి. ఆధార్, పాన్, బ్యాంకు, పాసుపుస్తకం... ఒక్కొక్కటే. దిద్దడానికి వీల్లేని పాత కాగితాలకు ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి’ అని నోటరీ అఫిడవిట్ తీసుకోవాలి. పేరు పూర్తిగా మారి ఉంటే పత్రికల్లో ప్రకటన ఇచ్చి, గెజిట్‌లో వేయించుకోవడం పద్ధతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, కొత్తది తీసుకునేటప్పుడు నింపించుకోండి. ఒంటిపేరు పాస్‌పోర్టులున్నవారిని సందర్శక వీసాల మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించినప్పుడు విమానాశ్రయాల్లో చాలామంది ఇబ్బంది పడ్డారు.

పుట్టినరోజు ఎవరికి గుర్తు?

‘ఏరువాక ముందు పుట్టాడు’, ‘గాలివాన వచ్చిన ఏడు పుట్టింది’... మన పెద్దవాళ్ల పుట్టినరోజులు ఇలాగే ఉంటాయి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే చాలామందికి శాశ్వతమైంది. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. మన దగ్గర అమలైంది 1970 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు ఊళ్లో మునసబు రిజిస్టరు రాసేవారు. చాలాసార్లు అందులో బిడ్డ పేరే ఉండదు. ‘మగ శిశువు’ అనో ‘ఆడ శిశువు’ అనో ఉంటుంది.

ఈ సంగతి అమెరికా కాన్సులేట్‌కూ తెలుసు. అందుకే 1970 ఏప్రిల్‌కు ముందు పుట్టినవారికి జనన ధ్రువపత్రం లేకపోతే ఇతర ఆధారాలు చూస్తారు. బడి సర్టిఫికెట్, జననం నమోదు కాలేదని స్థానిక అధికారులిచ్చే పత్రం, పుట్టుక గురించి తెలిసిన పెద్దల అఫిడవిట్లు. ఆ అఫిడవిట్ ఇవ్వగలిగేది మీకన్నా పెద్దవాళ్లు. మేనత్తో, పెదనాన్నో బతికుండగానే రాయించి పెట్టుకోవాలి. ఎనభై అయిదేళ్ల సాక్షి మీ వీసా తేదీ దాకా ఆగుతారన్న హామీ లేదు.

పుట్టిన చోటు దగ్గర ఇంకో తమాషా. 1952లో పిడుగురాళ్లలో పుట్టినవారు మద్రాసు రాష్ట్రంలో పుట్టినట్టు. 1955లో పుట్టినవారిది ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1 తర్వాత ఆంధ్రప్రదేశ్. జిల్లా నిన్నమొన్నటి దాకా గుంటూరు. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు. ఒంగోలు వైపు వాళ్లకు 1970లో ప్రకాశం జిల్లా వచ్చింది. ఒక ఫారంలో గుంటూరు, ఇంకో ఫారంలో పల్నాడు అని రాసి చిక్కు తెచ్చుకోకండి. పాస్‌పోర్టులో ఏముందో అన్నిటా అదే రాయాలి.

యాభై ఏళ్ల పెళ్లికి సాక్ష్యం

తండ్రికి దరఖాస్తు చేయాలంటే కొడుకు జనన ధ్రువపత్రంతో పాటు అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్ కూడా జతచేయాలి. పందిట్లో ఊరంతా భోంచేసిన పెళ్లికి సర్టిఫికెట్ ఏమిటంటారు పెద్దలు. మన రాష్ట్రంలో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2002లో. అయినా కంగారు అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం కింద ఎప్పుడో జరిగిన పెళ్లిని ఇప్పుడూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. వయసు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. శుభలేఖ, ఫొటో దొరికితే మంచిది. ముస్లింలకు నిఖానామా, క్రైస్తవులకు చర్చి రిజిస్టరు ఆధారం. వాటిలోనూ పేర్లు సరిచూసుకోవాలి.

భార్యాభర్తల్లో ఒకరు ఇప్పటికే పోయి ఉంటే వారి మరణ ధ్రువపత్రం కావాలి. దాంట్లోని పేరు కూడా మిగతా కాగితాలతో కలవాలి. ఆ బాధలో ఎవరో చెప్పిన పేరు, ఎవరో చెప్పిన వయసు అందులో పడిపోయి ఉంటాయి. ఒకసారి తీసి చూసుకోండి.

పోలీసు, డాక్టరు

శాశ్వత వీసాకు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. దీనికి పాస్‌పోర్టు సేవ ద్వారా దరఖాస్తు చేయాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. ఒకప్పుడు గల్ఫ్‌లో ఏడాదికి పైగా పనిచేసి వచ్చినవారికి ఆ దేశపు సర్టిఫికెట్ కూడా అవసరం. గట్టు తగాదాలో పెట్టిన పాత కేసేదైనా ఉంటే దాచకండి. కోర్టు కొట్టేసిన తీర్పు నకలు తీసి పెట్టుకోండి. దాచింది బయటపడితే కేసు కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది.

వైద్యపరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. బీపీ, షుగరు ఉన్నాయని అమెరికా వీసా ఆగిపోదు. వాళ్లు ముఖ్యంగా చూసేది క్షయ. ఛాతీ ఎక్స్‌రేలో అనుమానం వస్తే కళ్లె పరీక్ష మూడుసార్లు చేసి, కల్చర్ ఫలితం కోసం ఎనిమిది వారాల దాకా ఆపుతారు. సున్నపు బట్టీల దుమ్ములో, పత్తి మిల్లుల నూగులో ఏళ్ల తరబడి పనిచేసినవారు, ఒకప్పుడు క్షయకు మందులు వాడినవారు పాత ఎక్స్‌రేలు, చికిత్స కాగితాలు పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. టికెట్ కొనేది ఈ పరీక్ష ముగిశాకే.

సందర్శక వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో, 2023లో తెరిచిన నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో జరుగుతుంది. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకు సాధారణంగా ముంబై వెళ్లాలి. ఒక్క జాగ్రత్త. ‘ముందు సందర్శక వీసా మీద వెళ్లిపోండి, అక్కడ గ్రీన్‌కార్డు వేసేద్దాం’ అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ ఉద్దేశం మనసులో పెట్టుకుని ‘చూసి వచ్చేస్తాం’ అని అధికారికి చెప్పడం అబద్ధం కింద లెక్క. ఆ మచ్చ ఫైలులో ఉండిపోతుంది.

ఇంతవరకు మొదటి కట్ట. కష్టమైనా, ఇది ఎవరో ఒకరు పట్టుబట్టి చేయించేదే. ఇక రెండోది.

పొలం ఎవరి చేతిలో?

గ్రీన్‌కార్డు తీసుకుంటే భారత పౌరసత్వం పోతుందని కొందరి భయం. పోదు. మీ పాస్‌పోర్టు మీదే. అక్కడి పౌరసత్వం తీసుకున్న రోజున మాత్రం మన పౌరసత్వం రద్దవుతుంది. మన చట్టంలో రెండు పౌరసత్వాలకు చోటు లేదు. అప్పుడు ఓసీఐ కార్డు తీసుకోవాలి.

అయితే శాశ్వతంగా ఉండడానికి వెళ్లినవారు విదేశీ మారకద్రవ్య చట్టం కింద ప్రవాసులవుతారు. ప్రవాసులు కొత్తగా సాగుభూమి కొనకూడదు. ఇక్కడుండగా కొన్నది, తాతల నుంచి వచ్చింది ఉంచుకోవచ్చు. ఇక్కడ నివసించేవారికి అమ్ముకోవచ్చు. పక్క చేను బేరానికొచ్చిందని డల్లాస్ నుంచి కొందామంటే కుదరదు. పీఎం కిసాన్ సాయం కూడా ప్రవాసులకు వర్తించదు.

పొలం చూసుకోవడానికి నమ్మకమైన మనిషికి జీపీఏ ఇవ్వాలి. దాన్ని బయల్దేరే ముందే ఇక్కడ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించడం మంచిది. అమెరికా వెళ్లాక ఇవ్వాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లోనో, నోటరీ ముందో సంతకం చేసి, ధ్రువీకరణ చేయించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. ఇదంతా ఇక్కడ ఒక్క పూటలో అయ్యే పని.

జీపీఏలో ఏం రాస్తున్నారో చదివించుకుని వినండి. కౌలు మాట్లాడడం, శిస్తు, ఇంటిపన్ను, కరెంటు బిల్లు కట్టడం, తహసీల్దారు ఆఫీసులో హాజరు కావడం... ఇవి సరే. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు అవసరం లేకపోతే రాయకండి. జీపీఏ కాగితంతోనే భూమి అమ్మకం చెల్లదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఇంకో సంగతి. ఇచ్చినవారు కన్నుమూస్తే సాధారణంగా జీపీఏ కూడా వారితోనే పోతుంది. అందుకే దాంతో పాటు వీలునామా కూడా రాసి పెట్టుకోవాలి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే తర్వాత తగాదాలు తగ్గుతాయి.

కౌలు నోటిమాట మీద వదిలేయకండి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం రాసుకునే ఒప్పందం 11 నెలలకే. దానివల్ల భూమి మీద హక్కు కౌలుదారుకు పోదు. కాగితం ఉంటే ఆయనకు పంట రుణం, బీమా దొరకడం తేలిక. మీకు భూమి భద్రం. ఇద్దరికీ మేలు.

పెన్షను, బ్యాంకు, ఓటీపీ

పెన్షనరు బతికున్నట్టు ఏటా రుజువు చూపాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇస్తారు. 80 దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. రాష్ట్ర పెన్షనర్లు ట్రెజరీ చెప్పిన గడువులో ఇవ్వాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి ఫోన్లో ముఖం చూపించి కూడా చేసుకోవచ్చు. విదేశాల్లో భారత కాన్సులేట్లు జీవించి ఉన్నట్టు సర్టిఫికెట్ ఇస్తాయి. బయల్దేరే ముందే మీ బ్యాంకులో, ట్రెజరీలో ఏది ఒప్పుకుంటారో కనుక్కోండి.

ప్రవాసులయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. కౌలు, అద్దె, పెన్షను అందులో పడతాయి. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు నిద్రాణస్థితిలో పెడుతుంది. ప్రతి ఖాతాకూ, డిపాజిట్‌కూ నామినీ ఉన్నారో లేదో చూసుకోండి.

అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఓటీపీ. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన ఫోను నంబరు రీచార్జి లేక మూతపడితే, మీ డబ్బు మీకే అందదు. ఆ సిమ్ బతికుండాలి. విదేశంలో సందేశాలు అందేలా రోమింగ్ పెట్టించుకోండి. సిమ్‌ను మరొకరి చేతిలో వదిలి వెళ్లడమంటే ఖాతా తాళంచెవి ఇచ్చినట్టే.

గ్రీన్‌కార్డు వచ్చినవారికి అమెరికా పన్ను చట్టం కూడా వర్తిస్తుంది. ప్రపంచంలో ఎక్కడొచ్చిన ఆదాయమైనా అక్కడ లెక్క చెప్పాలి. పిడుగురాళ్ల డిపాజిట్ల వడ్డీ, కౌలు కూడా అందులోకే వస్తాయి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే వేరుగా వివరాలివ్వాలి. పన్ను పడకపోయినా, చెప్పకపోవడమే తప్పు.

ఉండబుద్ధి కాకపోతే?

గ్రీన్‌కార్డు ఉంటే ఎప్పుడంటే అప్పుడు వెళ్లొచ్చనుకుంటారు. అది అక్కడ నివసించేవారికిచ్చే కార్డు. ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి బయట ఉంటే వదులుకున్నట్టే భావిస్తారు. అక్కడుండగానే రీఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకుంటే రెండేళ్ల దాకా వెసులుబాటు. ఆరు నెలలు దాటితేనే ప్రశ్నలు మొదలవుతాయి. ఇక్కడే ఎక్కువ కాలం ఉండి, ఏటా ఒకసారి మొహం చూపించి వద్దామనుకునేవారికి గ్రీన్‌కార్డు కన్నా సందర్శక వీసాయే సుఖం. ఒకసారి తీసుకున్న కార్డును ఐ-407 ఫారం మీద తిరిగి ఇచ్చేసి, మళ్లీ సందర్శక వీసా అడగవచ్చు. అదేమీ అవమానం కాదు.

వైద్యం మాట పిల్లలతో ముందే మాట్లాడాలి. 65 దాటిన గ్రీన్‌కార్డుదారులు అక్కడ వరసగా ఐదేళ్లు నివసించాకే ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరగలరు. ఆ ఐదేళ్లు ప్రైవేటు బీమా మీద నడవాలి. ఎవరు కడతారు, ఎంత... ఫోన్లో మొహమాటపడితే అక్కడికెళ్లాక ఇద్దరికీ ఇబ్బంది.

ఇక అసలు సంగతి. బయల్దేరే తొందరలో ‘ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా’ అని ఇల్లు అమ్మేయడం, ఉన్నదంతా పిల్లల పేర దాన సెటిల్‌మెంటు రాసేయడం జరుగుతుంటుంది. పిల్లలు చెడ్డవాళ్లని కాదు. చలికి మోకాళ్లు పట్టేయవచ్చు. పగలంతా నాలుగు గోడల మధ్య మాట్లాడే మనిషి లేక మనసు నిలవకపోవచ్చు. ఇద్దరిలో ఒకరు పోతే, మిగిలినవారికి సొంతూరు గుర్తుకు రావచ్చు. అప్పుడు దిగడానికి ఒక గడప ఉండాలి.

ఆస్తి రాసివ్వాలనే అనుకుంటే, దస్తావేజులో ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతు స్పష్టంగా పెట్టించండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో 23వ సెక్షను ప్రకారం, ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ట్రిబ్యునల్ అంటే ఆర్డీఓ. పిడుగురాళ్ల వారికి గురజాలలోనే. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ ఈ చట్టం వర్తిస్తుంది. కానీ షరతు రాయకపోతే వాదన కష్టమని 2022లో సుప్రీంకోర్టు తీర్పుతో తెలిసొచ్చింది. 2025 జనవరిలో అదే కోర్టు వృద్ధుల పక్షాన చట్టాన్ని ఉదారంగా చూడాలంది. కోర్టుల దాకా వెళ్లకుండా ఉండాలంటే ఒక్క వాక్యం రాయించుకోవడమే సులువు. ఇంకా మంచిది, బతికున్నంతకాలం ఇల్లు మీ పేరునే ఉంచుకుని వీలునామా రాయడం.

తిరిగొచ్చే సంచిలో...

- ఇంటి దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకం, తాజా ఈసీ, 1బి నకళ్లు. అసళ్లు ఒకచోట, నకళ్లు మీ దగ్గర.
- జీపీఏ నకలు. అవసరమైతే రద్దు చేయడానికి దస్తావేజు నంబరు, తేదీ.
- కౌలు ఒప్పందం, చివరగా కట్టిన పన్ను రసీదులు.
- బ్యాంకు పాసుపుస్తకాలు, డిపాజిట్ రసీదులు, నామినీల వివరాలు.
- పెన్షను పేమెంటు ఆర్డరు నకలు.
- పాత వైద్యం కాగితాలు. మళ్లీ ఇక్కడి డాక్టరును కలిసే రోజు రావచ్చు.
- తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బు, మీ సొంత ఖాతాలో. ఎవరినీ అడగక్కర్లేనంత.
- మీ పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు మీ దగ్గరే. పిల్లల బీరువాలో కాదు.

ఈ జాబితా పిల్లలకు చూపిస్తే ‘మా మీద నమ్మకం లేదా?’ అని నొచ్చుకోవచ్చు. వాళ్లకు ఒకటి గుర్తు చేయండి. వాళ్లు మొదటిసారి విమానమెక్కినప్పుడు వెనక్కి రావడానికి అమ్మానాన్న ఉన్న ఇల్లొకటి ఉంది. ఆ ధైర్యంతోనే వెళ్లారు. డెబ్బై ఏళ్లప్పుడు వెళ్లేవారికి ఆ ధైర్యం ఇంకా ఎక్కువ కావాలి. పిల్లలే దగ్గరుండి ఈ సంచి సర్దిస్తే అంతకన్నా ఏం కావాలి?

వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున ఆయా దేశాల అధికారిక వివరాలు సరిచూసుకోండి. ఏజెంటు మాటకు తలూపేముందు ఫారంలో ఏం రాశారో చదివించుకోండి. కింద సంతకం మీదే.